‘థర్డ్ పార్టీ ఎక్స్‌క్లూజివ్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న (గుంటూరు):
సభ్యులకు నమస్కారం. మా కళాశాల వార్షిక సంచికకు ఒక విద్యార్థి వీడియో గేముల మీద వ్యాసం ఇస్తూ, ‘ఫస్ట్ పార్టీ’ని ప్రథమ పక్షమనీ, ‘థర్డ్ పార్టీ ఎక్స్‌క్లూజివ్’ను తృతీయ పక్ష ప్రత్యేక క్రీడ అనీ రాశాడు. దిద్దవలసిన నాకే అది బోధపడలేదు. ఈ రెంటికీ తేడా ఏమిటో, తెలుగులో ఎలా చెప్పాలో తెలిసినవారు వివరించగలరు.

జవాబు (విజయవాడ):
మేడమ్ గారికి నమస్కారం. ‘పక్షం’ అనగానే మనకు పదిహేను రోజులో, ఎన్నికల్లో నిలబడ్డ పార్టీయో తడుతుంది కనుక ఆ మాటను వదిలేయడమే మేలు. థర్డ్ పార్టీ అన్నది బండి ఇన్సూరెన్సు పుణ్యమా అని అందరికీ తెలిసిన మాటే. అక్కడ బీమా కంపెనీ, బండి యజమాని పోగా, దెబ్బ తగిలిన మనిషి మూడోవాడు. ఇక్కడ గేమ్ ఆడే యంత్రాన్ని తయారుచేసిన కంపెనీ మొదటిది, ఆ యంత్రానికి గేములు చేసే బయటి కంపెనీ మూడోది. 1979లో, గేమ్ యంత్రాలు తయారుచేసే అటారీ కంపెనీ నుంచి బయటికొచ్చిన కొందరు ప్రోగ్రామర్లు యాక్టివిజన్‌ను స్థాపించి, పాత యజమాని యంత్రానికే తమ గేములు అమ్మబోయేదాకా ఈ తేడా చెప్పుకోవలసిన అవసరమే రాలేదు. అటారీ కోర్టుకెక్కింది, చివరికి రాజీ కుదిరింది.

ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాల షాపు తాను అచ్చువేసిన పుస్తకాన్ని తన దగ్గరే అమ్ముకోవడం వేరు, బయటి ప్రచురణకర్త ఏడాదిపాటు తన పుస్తకాన్ని ఆ ఒక్క షాపుకే ఇస్తానని ఒప్పుకోవడం వేరు. మారియో గేములు నింటెండో సొంతం కనుక అవి తన యంత్రానికే రావడానికి ఎవరితోనూ ఒప్పందం అక్కర్లేదు. బయటి కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ వారి ‘ఫైనల్ ఫాంటసీ 16’ అలా కాదు. 2023 జూన్‌లో సోనీ యంత్రమైన ప్లేస్టేషన్ 5కు మాత్రమే వచ్చి, 2024 సెప్టెంబరులో కంప్యూటర్‌కూ వచ్చింది. ‘రైజ్ ఆఫ్ ద టూంబ్ రైడర్’ కూడా 2015 నవంబరులో మైక్రోసాఫ్ట్ యంత్రమైన ఎక్స్‌బాక్స్‌లో దిగి, సుమారు ఏడాదికి ప్లేస్టేషన్ 4 చేరింది. మొదటి రకానికి మూలం యాజమాన్యం, రెండో రకానికి మూలం ఒప్పందం. చాలా ఒప్పందాలకు గడువుంటుంది. సొంత గేమ్ కూడా బయటికి పోవచ్చు, సోనీ సొంత స్టూడియో చేసిన ‘గాడ్ ఆఫ్ వార్’ 2022లో కంప్యూటర్‌కు వచ్చింది కదా. కాకపోతే అది యజమాని ఇష్టం.

ఇక మీ విద్యార్థి వాడిన ‘ప్రత్యేకం’ నాకు బొత్తిగా నచ్చలేదు. దీపావళి ప్రత్యేక సంచిక అంటే మిగతా షాపుల్లో దొరకదని అర్థం కాదు. ఎక్స్‌క్లూజివ్ పనిని తెలుగులో ఒక్క ఏకారం చేసిపెడుతుంది: ‘స్విచ్‌లోనే వస్తుంది’ (స్విచ్ నింటెండో యంత్రం), ‘ప్లేస్టేషన్‌కే పరిమితం’. ‘క్రీడ’ అంటే మైదానం గుర్తొస్తుంది, గేమ్ అనే ఉంచండి.

మరో సభ్యుడు (గుంటూరు):
బాగుందండీ. అయితే మైన్‌క్రాఫ్ట్ మైక్రోసాఫ్ట్‌దే కదా, మా పిల్లలు స్విచ్‌లో ఎలా ఆడుతున్నారు?

జవాబు (విజయవాడ):
మంచి ప్రశ్న వేశారండీ. మైన్‌క్రాఫ్ట్ చేసిన మొజాంగ్ కంపెనీని మైక్రోసాఫ్ట్ 2014లో కొన్నది, గేమును మాత్రం అన్ని యంత్రాల్లోనూ అమ్ముతూనే ఉంది. అంటే అది సొంతమే, పరిమితం కాదు. ఎవరిది, ఎక్కడ వస్తుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. వ్యాసంలో రెండింటికీ విడివిడిగా జవాబుండాలి. ‘స్పైడర్‌మ్యాన్’ సంగతి ఇంకా చిత్రం. 2018లో సోనీ కోసం దాన్ని చేసినప్పుడు ఇన్‌సోమ్నియాక్ బయటి కంపెనీయే, మరుసటి ఏడాది సోనీ ఆ కంపెనీని కొనేసింది. ఇలాంటి మధ్యరకాన్ని కొందరు సెకండ్ పార్టీ అంటారు గానీ, ఆ మాటను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడతారు కనుక విద్యార్థి వ్యాసంలోకి రానివ్వకపోవడమే మంచిది.

ప్రశ్న వేసినవారు (గుంటూరు):
ధన్యవాదాలండీ. శీర్షికను ‘కంపెనీ సొంత గేములు, ఒప్పందంపై వచ్చే గేములు’ అని మార్చి, ఫస్ట్ పార్టీ, థర్డ్ పార్టీ అన్న మాటలను మొదటి పేరాలో ఒక్కసారి మాత్రం ఉంచమని చెప్తాను.