అపార్ట్‌మెంటులో వెండింగ్ మెషీన్: పెట్టనివ్వాలా, వద్దా?

నిజాంపేట వాసి:
మాది మూడు బ్లాకుల సముదాయం. క్లబ్‌హౌస్ పక్కన వెండింగ్ మెషీన్ పెడతామని ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. చిప్స్, బిస్కెట్లు, కూల్ డ్రింకులు, పాలు పెడతారట. ఫోనుతో స్కాన్ చేసి డబ్బు కట్టడం, తీసుకోవడం. స్థలం, కరెంటు మనం ఇస్తే నెలనెలా అద్దె వాళ్లు ఇస్తారు. కమిటీలో సగం మంది సరేనంటున్నారు, సగం మంది ససేమిరా అంటున్నారు. ఆదివారం సర్వసభ్య సమావేశం ఉంది. నా ఓటు పెట్టనివ్వడానికే. అర్ధరాత్రి పసిపిల్లకు పాలు అయిపోతే ఎంత అవస్థో అందరికీ తెలుసు. మీ దగ్గర ఉంటే ఎలా నడుస్తోందో చెప్పండి.

కొండాపూర్ గృహిణి:
మా బ్లాకు కింద ఉందండి. చిప్స్ ప్యాకెట్ లోపల సరుకును ముందుకు తోసే తీగచుట్ట చివర తగులుకుని పడీపడనట్టు వేలాడుతుంది. ఖాతాలో డబ్బు మాత్రం పోతుంది. పిల్లలు అద్దం మీద దబదబా బాదుతారు. వాచ్‌మన్ పరుగెత్తుకొస్తాడు, పాపం ఆయన దగ్గర తాళం ఉండదు. మెషీన్ మీద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు తిరిగి వస్తుంది, కాదనను. కానీ అంత ఓపిక ఎవరికి? అసలు బాధ అది కాదు. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు ఉప్పు, చక్కెర, కొవ్వు మోతాదు మించిన తిండి అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. అదే తిండిని మనం పిల్లలు ఆడుకునే చోట దీపాలు వెలిగించి మరీ నిలబెడుతున్నాం.

నిజాంపేట వాసి:
పిల్లలకు ఫోన్ ఇచ్చింది మనమే కదండీ. గేటు బయట కిరాణా కొట్లో వేలాడేవీ అవే ప్యాకెట్లు.

మాజీ కోశాధికారి:
అద్దె ఎంత అని అందరూ అడుగుతున్నారు. మెషీన్ ఏ మీటరు మీద నడుస్తుందని ఒక్కరూ అడగలేదు. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు నడిచే కామన్ మీటరు సాధారణంగా ఎల్‌టీ-1, అంటే గృహ విభాగం. దాని మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం అంటారు. టారిఫ్‌కు రెట్టింపు కట్టాలి. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే 12 నెలలకు లెక్కగడతారు. పక్కన సబ్‌మీటరు బిగించినంత మాత్రాన విభాగం మారదు. కంపెనీ తన పేరున వాణిజ్య కనెక్షన్ తెచ్చుకోవాలి.

ఇక పన్ను. సభ్యుల నుంచి మనం వసూలు చేసే మెయింటెనెన్స్‌కు ఆదాయపు పన్నులో పరస్పరత సూత్రం రక్ష, అంటే సభ్యుల డబ్బు సభ్యులకే ఖర్చయితే అది ఆదాయం కిందకు రాదన్నమాట. బయటి కంపెనీ ఇచ్చే అద్దెకు ఆ రక్ష లేదు, అది సంఘం ఆదాయమే. పైగా ఆ జాగా కమిటీ సొత్తు కాదు, ఫ్లాట్ యజమానులందరి ఉమ్మడి ఆస్తి. కార్యదర్శి ఒక్కరే సంతకం పెట్టేస్తే రేపు గొడవ తప్పదు.

ఒప్పందంలో ఎమ్మార్పీ మాట కూడా రాయించండి. కూలింగ్ ఛార్జీ అని రెండు రూపాయలు ఎక్కువ గుంజే అలవాటు మన ఊరి కొట్లకు ఉన్నదే, మెషీన్‌కు రాదని ఏముంది? మెట్ల దారికి మాత్రం అడ్డంగా పెట్టనివ్వకండి. మంటలు వచ్చిన రోజున జనం దిగేది అటు నుంచే.

కొట్టు వైపు మనిషి:
మా గేటు ముందు కిరాణా ఆయన నెలాఖరు దాకా ఖాతా రాసుకుంటాడు. మెషీన్ అరువు ఇస్తుందా? అయినా ఫోను నొక్కితే పది నిమిషాల్లో గుమ్మం ముందుకే సరుకు వచ్చే ఈ ఊళ్లో, మెట్లు దిగి మెషీన్ దగ్గరకు వెళ్లేది ఎవరు?

నిజాంపేట వాసి:
పది నిమిషాల సరుకుకు డెలివరీ ఛార్జీ ఉందండీ. ఒక్క బిస్కెట్ ప్యాకెట్ కోసం అది ఎవరు కడతారు? రాత్రి కాపలా వాళ్లకూ, డ్రైవర్లకూ ఒక చల్లని నీళ్ల సీసా దొరకడం మాత్రం చిన్న విషయమా?

కొండాపూర్ గృహిణి:
నీళ్ల సీసా అమ్మడం దేనికండీ? క్లబ్‌హౌస్ దగ్గర ఒక ఫిల్టరు కుళాయి పెట్టించండి. అన్నట్టు, మీ పాల సంగతి. ఆ తీగచుట్టల్లో అరలీటరు పాల ప్యాకెట్ నిలబడదు. నిలబెట్టినా అంత ఎత్తు నుంచి పడితే చిట్లుతుంది. అందుకే మా దాంట్లో అట్టపెట్టె పాలే పెడతారు. ఆ పెట్టెలు మూత తీయనంత కాలం ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి ఉంటాయి. ఇంట్లో రెండు కొని పెట్టుకుంటే సరిపోయేదానికి మెషీన్ ఎందుకు?

నిజాంపేట వాసి:
పాల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. మిగతా వాటికి నా ఓటు మారలేదు. కోశాధికారి గారూ, వాణిజ్య కనెక్షన్ సొంతంగా తెచ్చుకోండని కంపెనీ వాళ్లకు ఇప్పుడే ఫోన్ చేశాను. అలాగైతే అద్దె సగమే ఇస్తామంటున్నారు.

మాజీ కోశాధికారి:
చూశారా, మిగతా సగం మన కరెంటులోంచి మనకే ఇవ్వబోయారు. ఆ సగం అంకెనే ఆదివారం సభ ముందు పెట్టండి. దానికీ చేతులు లేస్తే నాకు అభ్యంతరం లేదు.