అప్‌డేట్: రాత్రి వచ్చే జంతువులు ఫొటోల్లో మసకగా పడుతున్న సమస్య

కదలికను పసిగట్టి దానంతట అదే ఫొటో తీసేలా కెమెరాను అడవి బాట పక్కన అమర్చానని, పగలు ఖాళీ ఫ్రేములు, రాత్రి మసక బొమ్మలు, కొన్నిసార్లు తోక మాత్రమే వస్తున్నాయని ఇంతకుముందు అడిగాను. మీ సూచనలు పాటించాక ఏం జరిగిందో చెబుతున్నాను.

ఖాళీ ఫ్రేముల సంగతి త్వరగానే తేలింది. కదలికను పసిగట్టే పీఐఆర్ (పాసివ్ ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్ గుర్తించేది తన ఎదుట కదిలే ఉష్ణ వ్యత్యాసాన్ని కాబట్టి, ఎండకు వేడెక్కి గాలికి ఊగే కొమ్మలే దానిని మోసగించాయి. కెమెరాను నీడవైపు తిప్పాను.

మసకకు అసలు కారణం నేను ఫ్లాష్‌ను పూర్తి శక్తితో వెలిగించడమే. మామూలు స్పీడ్‌లైట్లలో (కెమెరాకు విడిగా తగిలించే చిన్న ఫ్లాష్‌లలో) శక్తి తగ్గించిన కొద్దీ మెరుపు నిలిచే సమయం కూడా తగ్గుతుందని, చీకటిలో కదలికను నిలిపేది షట్టర్ కన్నా ఆ క్షణిక మెరుపేనని మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. ఇప్పుడు రెండు ఫ్లాష్‌లను బాటకు దగ్గరగా, 1/16 శక్తితో పెట్టి, తగ్గిన వెలుతురుకు సరిపడా ఐఎస్ఓను (కాంతికి కెమెరా స్పందించే స్థాయిని) 800కు పెంచి, ఎఫ్/8 అపెర్చర్ (లెన్సు రంధ్రం పరిమాణం) వద్ద ఫోకస్‌ను ముందే స్థిరపరచడంతో పునుగుపిల్లి మీసాలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

సెన్సర్‌ను కెమెరా నుంచి వేరుచేసి, జంతువు దాని ముందు అడ్డంగా నడిచేలా అమర్చాక తోకల బెడద తగ్గింది. నిద్రావస్థ నుంచి ఫ్లాష్ మేల్కొనేలోగా మొదటి ఫ్రేము నల్లగా రావడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.