"అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు, పది రోజుల తర్వాత సగం మందికి రాదు. ఏం మార్చాలి?

లవం_హారం:
ఏడో తరగతి లెక్కలు. 42 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్. భిన్నాల కూడికలో వరసగా నాలుగు లెక్కలు బోర్డు మీద చేసి "అర్థమైందా?" అంటే క్లాసంతా ఒక్క గొంతుతో "అర్థమైంది" అంటుంది. హోంవర్క్ కూడా చాలామంది సరిగ్గానే చేసుకొస్తారు. పది రోజులాగి స్లిప్ టెస్ట్ పెడితే సగం మంది లవానికి లవం, హారానికి హారం కలిపేస్తున్నారు. ఎవరికి రాలేదో పాఠం మధ్యలోనే తెలిసే పద్ధతి ఏదైనా ఉందా? వచ్చింది నిలవాలంటే ఏం చేయాలి? సిలబస్ ఆగకూడదు, అదనపు క్లాసులకు వీల్లేదు.

నల్లబల్ల:
ముందు "అర్థమైందా?" అని అడగడం మానేయండి మాస్టారూ. రాని పిల్లవాడు నలుగురిలో రాలేదని చెప్పడు. చాలాసార్లు రాలేదన్న సంగతి వాడికీ తెలియదు. మీరు గడగడా చేస్తుంటే చూశాడు కాబట్టి తనకూ వచ్చేసిందనుకుంటాడు.

దాని బదులు పావుగంట గడిచాక, కొత్త మెట్టు ఎక్కే ముందు, ఒకే ఒక్క ప్రశ్న బోర్డు మీద రాయండి. 2/5 + 1/3 ఎంత? (1) 3/8 (2) 3/15 (3) 11/15 (4) 2/15. తప్పు జవాబులు ఊరికే పెట్టినవి కావు. 3/8 అన్నవాడు పైవి పైవి, కిందివి కిందివి కలిపాడు. 3/15 అన్నవాడికి ఉమ్మడి హారం తెలుసు, కానీ హారం మారినప్పుడు లవం కూడా మారాలని తట్టలేదు. 2/15 అన్నవాడు కూడికను గుణకారంలా చేశాడు. ముగ్గురికీ చెప్పాల్సింది వేరువేరు. మొదటివాడికి బొమ్మ గీసి ముక్కల సైజు చూపించాలి. రెండోవాడికి 2/5 = 6/15 ఎలా అయిందన్న ఒక్క మెట్టు చాలు.

నిమిషంన్నర టైమివ్వండి. పలకలుంటే పలక మీద, లేకపోతే జవాబు నంబరుకు సరిపడా వేళ్లు ఛాతీకి ఆనించి పెట్టుకోమనండి. మీరు "చూపించండి" అన్నాకే అందరూ ఒక్కసారిగా ఎత్తాలి. ఒకరి తర్వాత ఒకరు ఎత్తితే పక్కవాడి వేళ్లు చూసి మార్చేస్తారు, అప్పుడు మీరు లెక్కపెట్టేది ముందు బెంచీ జవాబునే.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి ఇలాంటి ప్రశ్నలు వాడుతున్నారు. ఆయన లెక్క ప్రకారం 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితే మీరు నోరు విప్పకండి. పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమని మళ్లీ జవాబులు అడగండి. 30 కన్నా తక్కువైతే పాఠం ఇంకో దారిలో చెప్పాల్సిందే. 70 దాటితే ముందుకు వెళ్లి, మిగిలినవాళ్లను అభ్యాసం చేసే సమయంలో పట్టుకోండి.

ఒక జాగ్రత్త. తప్పు ఆలోచనతో కూడా ఒప్పు జవాబు వచ్చే ప్రశ్న పనికిరాదు. 0.65, 0.4లలో ఏది పెద్దది అంటే, "అంకెలు ఎక్కువుంటే పెద్దది" అనుకునేవాడు కూడా 0.65 అనే చెబుతాడు. 0.125, 0.5 ఇచ్చి చూడండి, బయటపడతాడు.

మూడో_బెంచీ:
పై పద్ధతి మంచిదే, కానీ పీరియడ్‌కు ఒకటి రెండుసార్లకు మించి కుదరదు. మిగతా నోటిప్రశ్నల సంగతి కూడా చూడాలి. "రవీ, హారాలు వేరైతే ఏం చేస్తాం?" అని పేరు ముందు పిలిస్తే మిగతా 41 మందికి ఆ ప్రశ్నతో పని తీరిపోయినట్టే. ప్రశ్న ముందు అడగాలి, ఆగాలి, ఆ తర్వాతే పేరు పిలవాలి.

ఆ ఆగడమే కష్టం. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో సైన్సు పాఠాలను టేపు మీద రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబుల నిడివి పెరిగింది, జవాబే రాకపోవడం తగ్గింది. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోండి. పిల్లవాడు చెప్పాక కూడా వెంటనే "కరెక్ట్" అనకుండా ఇంకో మూడు సెకన్లు ఆగితే, తనే ఇంకో వాక్యం కలుపుతాడు.

మెట్టుమెట్టు:
నాకు అసలు చిక్కు "వరసగా నాలుగు లెక్కలు" దగ్గరే కనిపిస్తోంది. నాలుగూ మీరే చేశారు, వాళ్లు ఎక్కించుకున్నారు. మీరు ఒకటి పూర్తిగా చేసి చూపించండి, వెంటనే అలాంటిదే ఒకటి వాళ్లతో చేయించండి. తర్వాతది చివరి మెట్టు వదిలేసి ఇవ్వండి, ఆ తర్వాతది చివరి రెండు మెట్లూ వదిలేసి. స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు 1985లో బీజగణితంలో చేసిన ప్రయోగాల్లో చేసిన లెక్క, చేయాల్సిన లెక్క ఇలా జతలుగా ఇస్తే కొత్తవాళ్లు త్వరగా నేర్చుకున్నారు. బాగా వచ్చినవాళ్లకు మాత్రం చేసి చూపించడం ఆపేయాలి, వాళ్లకు అది విసుగు.

లవం_హారం:
ధన్యవాదాలండీ. హోంవర్క్ సరిగ్గా చేసినవాళ్లే పది రోజులకు ఎందుకు మర్చిపోతున్నారన్నది ఇంకా తేలలేదు.

నల్లబల్ల:
ఆ హోంవర్క్‌లో పది లెక్కలూ భిన్నాల కూడికలే కదా. మొదటిది ఎలా చేశారో మిగతావీ అలాగే చేస్తారు. ఏ పద్ధతి వాడాలో ఎంచుకునే పని వాళ్లకు పడదు. పరీక్షలో కూడిక, గుణకారం పక్కపక్కనే కనిపించేసరికి తడబడతారు. ఆరు లెక్కలు ఈరోజువి, నాలుగు పాతవి కలిపి ఇవ్వండి. ఇది పాఠం మొదలైన రోజే వద్దు, పద్ధతి చేతికొచ్చాక రెండో మూడో రోజు నుంచి.

నిలవడానికి ఇంకొకటి. పీరియడ్ మొదటి ఆరు నిమిషాలు నోట్సు మూయించి నాలుగు చిన్న ప్రశ్నలు ఇవ్వండి: నిన్నటిది, పోయిన వారానిది, పోయిన నెలది, ఈరోజు పాఠానికి అవసరమైంది. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, పాఠం మళ్లీ చదువుకున్నవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లదే పైచేయి. మీ క్లాసులో జరుగుతున్నదీ ఇదే.

ఈ ఆరు నిమిషాలు చెడిపోయేది రెండు చోట్ల. మార్కులు వేస్తే కాపీ మొదలవుతుంది, కాబట్టి వేయకండి, ఎవరిది వాళ్లే దిద్దుకోవాలి. నాలుగింటికీ వివరణ ఇస్తూ పోతే ఇరవై నిమిషాలు గడిచిపోతాయి, కాబట్టి ఎక్కువమంది తప్పిన ఒక్కదానికే వివరణ.

ఎర్రసిరా:
నోట్సులు దిద్దడం గురించి ఒక మాట. మార్కు, వ్యాఖ్య రెండూ రాస్తే పిల్లలు మార్కు చూసి పుస్తకం మూసేస్తారు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలి పరిశీలనలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు, పక్కన మార్కు కూడా వేస్తే ఆ లాభం పోయింది. "బాగా చదువు" లాంటివి వ్యాఖ్యలు కావు. "3, 5, 8 నంబరు లెక్కల్లో ఉమ్మడి హారం సరే, లవాలు మార్చలేదు, మళ్లీ చెయ్యి" అన్నది వ్యాఖ్య. మళ్లీ చేయడానికి క్లాసులోనే ఐదు నిమిషాలు ఇవ్వకపోతే అదీ వృథానే.

42 నోట్సులూ రోజూ దిద్దలేరు. పీరియడ్ చివరి మూడు నిమిషాల్లో చిన్న చీటీ మీద ఒకే లెక్క చేయించి తీసుకోండి. వచ్చినవి, ఒక మెట్టు తప్పినవి, అసలు రానివి అని మూడు దొంతరలు పెట్టండి, దిద్దక్కర్లేదు. మూడో దొంతరలో ఐదారుగురే ఉంటే మర్నాడు అభ్యాసం జరుగుతుండగా వాళ్ల దగ్గర కూర్చోండి. పదిహేను దాటితే మర్నాటి పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.