డిమెన్షియా క్లాసు ఎలా చెప్పాలి?

హైదరాబాద్‌లో ఒక మెడికల్ కాలేజీలో పాఠం చెప్తాను. డిమెన్షియాకి, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గిపోయే జబ్బుకి, నాకు దొరికేది ఒక్క గంట. అల్జీమర్స్, వాస్కులర్, లూయీ బాడీ అని దాని రకాలు పిల్లలు గడగడా అప్పజెప్తారు, కానీ మొన్న వార్డులో పెద్దాయన ఎదురుగానే కూర్చుని ఉంటే "ఈయనకి ఏమీ గుర్తుండదు కదా" అని కూతురితోనే మాట్లాడారు. చాలా బాధేసింది. మీరెలా చెప్తున్నారు?

న్యూరో డాక్టర్: టెస్టుతో మొదలుపెట్టండి సర్. జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే 1975 నాటి ఎంఎంఎస్ఈ టెస్టులో వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గీయమంటారు. బడి మొహం చూడని అమ్మమ్మకి అదే పెట్టి, మార్కులు తగ్గాయని జబ్బు అంటగడితే ఎలా? ఇదివరకటిలా వంట చేస్తోందా, డబ్బు లెక్క చూసుకుంటోందా అని ఇంట్లోవాళ్ళని అడగడం నేర్పండి. మన నిమ్స్ పేషెంట్ల మీద 2013లో వచ్చిన స్టడీ కూడా చెప్పండి, 648 మందిలో రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు సగటున 4.5 ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనపడింది. తెలుగూ ఉర్దూ కలిసిన ఊరు కదా, పిల్లలు చెవులు రిక్కిస్తారు.

పీజీ: బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ చూడకుండా డిమెన్షియా అనేయకూడదని గట్టిగా చెప్పండి సర్. రెండ్రోజుల్లో తికమక మొదలైతే ముందు డెలిరియం (వేరే జబ్బు వల్లో మందుల వల్లో ఉన్నట్టుండి వచ్చే మతి తికమక) అనుకోవాలి.

ఒక కూతురు: డాక్టర్‌ని కాదు. మా అమ్మకి ఆరేళ్ళుగా ఉంది. రాత్రి 2 గంటలకి చీర మార్చుకుని "కాచిగూడ స్టేషన్‌కి పోదాం, మీ నాన్న దిగుతారు" అంటుంది. నాన్న పోయారని చెప్తే అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది, అందుకే "టీ తాగి వెళ్దాం అమ్మా" అంటాను. ఇవి మీ పిల్లలకి ఎవరు చెప్తారు?

ప్రశ్న అడిగినవారు: మేడమ్, మీరే వచ్చి చెప్తారా? నా గంటలో సగం మీకిస్తాను.