ఉగాదికే డాబా తోట మొదలుపెడదామా, తొలకరి దాకా ఆగుదామా?

బి-204
పోయినేడాది మన అపార్ట్‌మెంట్ వాళ్ళందరం కలిసి డాబా మీద 40 గ్రో బ్యాగుల్లో వేసిన తోట మేలో ఎండిపోయింది. ఈ ఉగాదికి, అంటే మార్చి 19న, మళ్ళీ మొదలుపెడదామంటాను. తోటకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు, బీర అన్నీ ఎండకు తట్టుకునేవే. ఇప్పుడు విత్తితే తోటకూర నెల తిరక్కుండా, బెండ 50 రోజుల్లో చేతికొస్తాయి. ఏమంటారు?

డి-101
వద్దండి, జూన్ దాకా ఆగండి. దేవరకొండ వైపు మాకు చేను ఉండేది, మృగశిర కార్తె చినుకు పడకుండా మా నాన్న విత్తనం ముట్టేవాడు కాదు. హైదరాబాద్ ఎండ ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది, డాబా సిమెంటు అంతకంటే కాలుతుంది. టమాటా పూత రాలిపోతుంది. కొత్తిమీర ఆకు సరిగా వేయకముందే పూతకొస్తుంది.

బి-204
నేను టమాటా అనలేదు, కొత్తిమీరా అనలేదు, రాసిన పేర్లు ఒకసారి చదవండి. మీ నాన్నగారిది వానను నమ్ముకున్న చేను, ఆయనకు మృగశిర కావాలి. మనకు నీళ్ళున్నాయి. ఎండను సగం ఆపే 50 శాతం షేడ్ నెట్ కట్టి, మొదళ్ళలో ఎండాకులు పరిస్తే సరిపోతుంది.

సి-303
కొత్తిమీర వస్తుందండీ. ధనియాలు రెండు బద్దలుగా నలిపి, తూర్పు బాల్కనీలో వేస్తే పోయిన మేలో కూడా తెంపుకున్నాను.

డి-101
నీడలో వచ్చేది కాడే అమ్మా, కొత్తిమీర కాదు. పప్పులో వేస్తే వాసనే ఉండదు.

సి-303
వాసన బాగానే వచ్చింది అంకుల్.

ఎ-501
కొత్తిమీర గురించి తర్వాత తేల్చుకోండి. డాబా కింద ఉండేది మేము, మమ్మల్ని ఒక్కరైనా అడిగారా? పోయినేడాది బ్యాగులు చాలవని ఇటుకలు పేర్చి అడుగు లోతు మడి కూడా కట్టారు. తడి మట్టి ఘనపు అడుగు 45 కిలోలు ఉంటుంది, అంటే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు. మనుషులు తిరిగే డాబాకి మామూలుగా వేసే లెక్క 150 కిలోలు. మా బెడ్‌రూమ్ సీలింగ్ మూలన అరచెయ్యంత మరక పడి, పొద్దున లేచేసరికి దుప్పటి మీద సున్నం పెచ్చులు ఉండేవి. పెయింటింగ్ ఖర్చు ఎవరూ ఇవ్వలేదు.

బి-204
మడి తప్పే, ఒప్పుకుంటాను. ఈసారి సగం కోకోపీట్, అంటే తేలికైన కొబ్బరి పొట్టు, కలిపిన బ్యాగులే, అవీ స్టాండ్ల మీద, గోడల వెంబడి పెడదాం. కానీ డి-101 గారి సంగతి వేరు, ఆయనకు తోటంటేనే ఇష్టం లేదు, కార్తెలన్నీ దానికో సాకు.

డి-101
నాకా ఇష్టం లేనిది?

పోయినసారి నీళ్ళు పోస్తామని పదకొండు మంది పేర్లిచ్చారు. బడులకు సెలవులివ్వగానే ఒక్కొక్కరే ఊళ్ళకెళ్ళారు. మే మొదటి వారానికి మిగిలింది నేను, సి-303 వాళ్ళ అత్తగారు. ట్యాంకుకి కుళాయి పెట్టించమంటే తాగేనీళ్ళని అసోసియేషన్ ఒప్పుకోలేదు. లిఫ్టు ఐదో అంతస్తు దాకే, అక్కడి నుంచి 18 మెట్లు. బ్యాగుకి రెండు లీటర్లంటే 80 లీటర్లు, ప్రతి సాయంత్రం ఆరు బకెట్లు. నాకు 68 ఏళ్ళు. మే 20కి మోకాలు వాచి మానేశాను. మీరు జూన్‌లో వచ్చి, "అయ్యో ఎండిపోయాయే, ఒక్కరూ చూసుకోలేదా" అని ఇక్కడే రాశారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

సి-303
నిజం. అంకుల్ ఆగిపోయాక మా అత్తగారు చెంబుతో ఒక్క బీరపాదుకే పోసేవారు. ఒకే ఒక్క కాయ కాసింది. సగానికి కోసి, సగం పేపర్లో చుట్టి అంకుల్ వాళ్ళింట్లో ఇచ్చొచ్చారు.

బి-204
ఆ మాట రాసింది నేనే. మీరు మోశారని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తప్పు నాదే, క్షమించండి. కానీ జూన్‌లో వేసినా వచ్చే ఏడు మళ్ళీ మే వస్తుంది కదండీ. ట్యాంకుకి కుళాయి, డ్రిప్ పైపు నా ఖర్చుతో వేయిస్తాను, అసోసియేషన్‌తో నేను మాట్లాడతాను.

ఎ-501
ఆ పైపు కారితే మళ్ళీ మా ఇల్లే. ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించండి, తర్వాతే పైపు.

డి-101
పైపు వచ్చినా మనిషి ఉండాలి. చుక్క పడే రంధ్రం ఉప్పు పట్టి మూసుకుపోతే చూసేదెవరు? మే నెలంతా ఇక్కడే ఉండేవాళ్ళు ఫ్లాట్ నంబర్లు రాయండి. నాలుగొస్తే ఉగాది ముందు రోజు రాత్రి బెండ గింజలు నేనే నానబెడతాను. రాకపోతే జూనే.

సి-303
సి-303, ఇద్దరం ఉంటాం.

బి-204
నేను మే 10 దాకా ఉంటాను. ఆ తర్వాత పది రోజులు మా ఆవిడ వాళ్ళ ఊరు, తప్పదు.

డి-101
అయితే ఇప్పటికి వచ్చింది ఒక్క ఫ్లాటే.