అప్‌డేట్: రెండో సీడీ దగ్గర ఆగిపోతున్న రెడ్ హ్యాట్ లినక్స్ 9, చివరికి ఎక్కింది

పాత పెంటియం 3 కంప్యూటర్లో 2003 నాటి రెడ్ హ్యాట్ లినక్స్ 9 ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తుంటే, మూడు సీడీల్లో రెండోది పెట్టాక ప్యాకేజీ (అందులోని సాఫ్ట్‌వేర్ ఫైల్) తెరవడం కుదరట్లేదంటూ ఆగిపోతోందని అడిగాను కదా. సమస్య తీరింది. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

తప్పు రెండో సీడీదే. చూడటానికి అద్దంలా మెరుస్తోంది, ఒక్క గీత లేదు. మీలో ఒకరు చెప్పినట్టు మొదటి సీడీతో బూట్ చేసి, ప్రాంప్ట్ దగ్గర ‘లినక్స్ మీడియాచెక్’ అని (సీడీలు బాగున్నాయో లేదో చూసే కమాండ్) కొట్టి మూడింటినీ వరసగా చెక్ చేశాను. ఒకటి, మూడు పాస్. రెండోది ఫెయిల్. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైల్ (సీడీలోకి ఎక్కించే మొత్తం కాపీ) ఎండీ5, అంటే ఫైల్ చెడిపోలేదని తేల్చే కోడ్, మాత్రం సరిగ్గా సరిపోయింది. అంటే రైట్ చేసేటప్పుడే పాడైందన్నమాట. తొందరపడి 52ఎక్స్ స్పీడులో రైట్ చేసింది నేనే. అదే ఫైల్‌ని వేరే సీడీ మీద 8ఎక్స్‌లో రైట్ చేస్తే పాసైంది.

ర్యామ్‌కీ దీనికీ సంబంధం లేదు. రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపినా ఒక్క ఎర్రర్ రాలేదు. హార్డ్ డిస్క్ కేబుల్ మార్చడం కూడా దండగే.

ఒళ్లు మండేది ఏంటంటే, మధ్యలో ఆగిన ప్రతిసారీ పార్టిషన్ల (హార్డ్ డిస్క్‌ని భాగాలు చేయడం) దగ్గర్నుంచి మళ్లీ మొదలు. నాలుగుసార్లు చేశాను. ఐదోసారి మూడో సీడీ అడిగినప్పుడు టెన్షన్‌లో మొదటిదే పెట్టేశాను. ఇది కాదంటూ ట్రేని బయటికి తోసి మళ్లీ అడిగింది, అంతే.