కాప్రీ ట్రిప్, జూన్ 3 నుంచి 6: ఎవరు ఏ పని చూస్తారు?

సమన్వయకర్త:
మ్యూనిక్ తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. ఉగాది లెక్కలు తేలాయి, హాలు అడ్వాన్స్ కూడా వెనక్కి వచ్చింది. ఇక వేసవి ట్రిప్ సంగతి. ఓటింగ్‌లో ఇటలీలోని కాప్రీ దీవి గెలిచింది. క్రొయేషియాకి ఓటేసినవాళ్లు అలగకండి, వచ్చే ఏడాది చూద్దాం. ఇప్పటికి 31 మంది పేర్లు ఇచ్చారు. పెద్దవాళ్లం 19 మందిమి, పిల్లలు 8 మంది, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు నలుగురు.

తేదీల మాట ముందే చెప్పేస్తాను, మళ్లీ దాని మీద చర్చ వద్దు. ఆగస్టులో పెడదామని ముగ్గురు అడిగారు. ఆగస్టు 15 ఇటలీలో ఫెర్రగోస్తో పండగ, దేశమంతా సముద్రం ఒడ్డునే ఉంటుంది. సంక్రాంతి ముందు రోజు విజయవాడ బస్టాండ్‌ని ఊహించుకోండి, ఆ వారం నేపుల్స్ రేవు అంతే. మన పిల్లలకి బడిలో ఫింగ్‌స్టెన్ (పెంతెకోస్తు) సెలవులు ఉన్నాయి, వాటిలోనే వెళ్లొద్దాం. జూన్ 2 ఇటలీ గణతంత్ర దినోత్సవం, వాళ్లకి సెలవు. ఆ రద్దీ దాటాక 3న, బుధవారం బయల్దేరుతున్నాం. మ్యూనిక్ నుంచి నేపుల్స్‌కి విమానం రెండు గంటల లోపే. గురువారం మన బవేరియా రాష్ట్రంలో ఎలాగూ సెలవు కాబట్టి ఆఫీసులో రెండు రోజులు అడిగితే సరిపోతుంది.

బస మాత్రం దీవి మీద కాదు, ఎదుటి ఒడ్డునున్న సొరెంటో ఊళ్లో. అక్కడి నుంచి కాప్రీకి హైడ్రోఫాయిల్ అనే వేగపు పడవలో అరగంట కూడా పట్టదు. నేపుల్స్ నుంచి అయితే దాదాపు 50 నిమిషాలు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు నాలుగు చూసి పెట్టాను. గురువారం కాప్రీ, శుక్రవారం ఖాళీ. ఆ ఖాళీ ఎందుకో కింద చెబుతాను.

బ్యాచిలర్ల తరఫున:
అన్నా, కాప్రీ అని పేరు పెట్టుకుని సొరెంటోలో పడుకోవడమేంటి? హైదరాబాద్ ట్రిప్ అని చెప్పి షాద్‌నగర్‌లో దింపినట్టుంది. ఒక్క రాత్రైనా దీవిలో ఉందాం. పగటి జనమంతా ఆఖరి పడవ ఎక్కి వెళ్లిపోయాకే అసలు కాప్రీ అంటారు.

సమన్వయకర్త:
నువ్వన్నది నిజమే తమ్ముడూ, నేనూ ఒకసారి అలా ఉండి చూశాను. సాయంత్రం ఏడు దాటాక కాప్రీ ఊరి కూడలి పియాజెట్టా అసలు వేరే ఊరిలా ఉంటుంది. కానీ అక్కడ గది అద్దె పెట్టి పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న కుటుంబాన్ని రమ్మనలేం. సామాన్ల బాధ ఇంకొకటి. రేవులో దిగి, సూట్‌కేసులతో కొండెక్కే ఫ్యూనిక్యులర్ రైలు క్యూలో నిలబడి, పైకెళ్లాక మళ్లీ ఇరుకు సందుల్లో లాక్కెళ్లాలి. కాప్రీ ఊరి నడిబొడ్డున కార్లు తిరగవు. మీ నలుగురూ మీ ఖర్చుతో ఆ రాత్రికి ఉండిపోండి, శుక్రవారం పొద్దున పడవలో వచ్చి కలవండి. సంఘానికి అభ్యంతరం లేదు.

కోశాధికారి:
ఆ నలుగురి గది డబ్బులు సంఘం ఖాతాలోకి రాకూడదు. విడిగా కట్టుకోండి, లేకపోతే ఆడిట్‌లో నా ప్రాణం తీస్తారు.

పడవ టికెట్లు రానూపోనూ కలిపి మనిషికి 40 యూరోలకు పైనే పడుతుంది. దీవిలో దిగినందుకు సీజన్‌లో 5 యూరోల పన్ను ఉంది, అది టికెట్‌లోనే కలిపేస్తారు. దానికి విడిగా ఎవరి దగ్గరా వసూలు చేయను, ఎవరూ పంపకండి. పోయినసారి సరస్సు ట్రిప్‌లో ఇద్దరు రెండుసార్లు పంపారు, అది సరిచేయడానికి నాకు దసరా దాకా పట్టింది.

ఇంకో మాట. కాప్రీ ఒడ్డున పడవలో వెళ్లి చూసే నీలి గుహ టికెట్ ముందుగా కొనడం లేదు. మనిషికి 18 యూరోల దాకా అవుతుంది, అక్కడే, నీళ్లలో తేలే కౌంటర్ దగ్గర కట్టాలి. తలా కొంత నగదు ఉంచుకోండి.

పిల్లల బృందం చూసే అక్క:
గుహకి మా ఎనిమిది మందీ ఇప్పటి నుంచే ఎగురుతున్నారు. పోస్టర్ కూడా గీసేశారు.

సమన్వయకర్త:
అక్కా, దయచేసి పిల్లలకి మాటివ్వకండి. గుహ ద్వారం ఎత్తు మీటరు కూడా సరిగ్గా ఉండదు. చిన్న తెడ్ల పడవలో అందరూ వెల్లకిలా పడుకోవాలి. పడవవాడు గోడకున్న గొలుసు పట్టుకుని, అల తగ్గిన క్షణం చూసి ఒక్క లాగు లాగుతాడు. అల కాస్త లేస్తే చాలు, ఆ రోజుకి గుహ మూసేస్తారు. పొద్దున తెరిచి మధ్యాహ్నానికే మూసేసిన రోజులూ ఉన్నాయి. శుక్రవారం ఖాళీ పెట్టింది అందుకే. గురువారం సముద్రం ఒప్పుకోకపోతే, గుహ కావాలన్నవాళ్లు మర్నాడు మళ్లీ వెళ్లొచ్చు. గురువారమే చూసేస్తే శుక్రవారం అందరం పాంపేయి, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత రోమన్ నగరం. సొరెంటో నుంచి లోకల్ రైల్లో అరగంట.

లోపల ఉండేది అయిదు నిమిషాలే అని కూడా చెప్పండి. ఆ అయిదు నిమిషాల్లో ఏం చూడాలో ముందే చెబితే బాగుంటుంది. మనం దూరే కన్నం చిన్నదే కానీ, దాని కిందే నీళ్లలో మునిగి ఇంకో పెద్ద కన్నం ఉంది. ఎండ అక్కడి నుంచి నీళ్లలోకి దిగి, ఎరుపంతా నీళ్లు మింగేయగా నీలం మిగిలి పైకి వస్తుంది. చెయ్యి ముంచితే వెండిలా మెరుస్తుంది. 1826లో ఆగస్ట్ కోపిష్ అనే జర్మన్ కవి లోపలికి ఈదుకెళ్లి చూసి రాసినప్పటి నుంచే దీనికి ఇంత పేరు. ఇప్పుడు ఈత కొట్టనివ్వరు. మన అబ్బాయిలకి ప్రత్యేకంగా చెబుతున్నాను.

వంటల వదిన:
ఇక నా వంతు. ముందు ఆవకాయ సంగతి. చేతి సంచిలో పెట్టకండి. సెక్యూరిటీ వాళ్లకి ఊరగాయ కూడా ద్రవమే. పోయిన ఏడాది మా అత్తయ్య పంపిన మాగాయ సీసా నా కళ్ల ముందే చెత్తబుట్టలో వేశారు, విమానం దిగేదాకా మాట్లాడలేదు నేను. చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టి, మూత చుట్టూ టేప్ వేసి, రెండు కవర్లలో కట్టండి. కందిపొడి, కరివేపాకు పొడి ఎక్కడ పెట్టినా ఫరవాలేదు.

గురువారం మధ్యాహ్నానికి పులిహోర. బుధవారం రాత్రి సొరెంటోలో పులుసు ఉడికించి, పొద్దున అయిదింటికి అన్నం వార్చి కలుపుతాం. పెరుగన్నం వద్దు, ఆ ఎండకి మధ్యాహ్నానికే పులిసిపోతుంది. నాకు తోడు ఇద్దరు కావాలి, ముందు రాత్రి కబుర్లు చెబుతూ ఒంటిగంట దాకా కూర్చునేవాళ్లు వద్దు. డబ్బాలు స్టీలువే తెచ్చుకోండి. కాప్రీలో 2019 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు నిషేధం. మన స్టోరేజీలో మిగిలిన ఉగాది ప్లేట్లు తేవాలని ఎవరికైనా ఆలోచన ఉంటే మానుకోండి. తినేది కూడా దీవిలోని రెండో ఊరు అనకాప్రీలో ఎక్కడైనా నీడన బెంచీల మీద. ఆ డిజైనర్ షాపుల మెట్ల మీద కూర్చుని డబ్బాలు విప్పితే బాగుండదు.

రాత్రి సొరెంటోలో బయట తిందాం. శాకాహారులకి కాప్రీ రవియోలి అడగండి, లోపల జున్నూ మరువంలాంటి ఆకూ ఉంటాయి. టమాటా, మొజరెల్లా, తులసి ఆకుల సలాడ్ పుట్టిన చోటు కాప్రీయే కాబట్టి అదీ దొరుకుతుంది. బిల్లులో కోపెర్తో అని ఒక అంకె కనిపిస్తే గొడవ పడకండి, అది టేబుల్ దగ్గర కూర్చున్నందుకు మనిషికింత అని వేసేది.

కొత్త సభ్యుడు:
మా అమ్మానాన్న ఖమ్మం నుంచి వచ్చారండి, ఆ నలుగురిలో వాళ్లూ ఉన్నారు. జర్మనీ వీసా మీద ఉన్నారు, ఇటలీకి వేరే వీసా కావాలా? నాన్నకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎన్ని ఉంటాయి?

సమన్వయకర్త:
వీసా మళ్లీ అక్కర్లేదు, రెండూ ఒకే వీసా చెల్లే షెంగెన్ దేశాలే. సింగిల్ ఎంట్రీ అయినా ఇబ్బంది లేదు, షెంగెన్ దాటి బయటికి వెళ్లడం లేదు కదా. కానీ పాస్‌పోర్ట్ ఒరిజినల్ చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫోటో చెల్లదు. మనం కూడా రెసిడెన్స్ కార్డుతో పాటు పాస్‌పోర్ట్ పెట్టుకోవాల్సిందే.

మెట్ల సంగతికొస్తే, రేవు నుంచి ఊళ్లోకి ఫ్యూనిక్యులర్ ఉంది, నడవక్కర్లేదు. అనకాప్రీకి చిన్న బస్సు. అక్కడి నుంచి మోంటె సొలారో కొండ మీదికి, 589 మీటర్లు, చెయిర్ లిఫ్ట్. ఒక్కొక్కరికి ఒక్కో కుర్చీ, కాళ్లు గాల్లో వేలాడతాయి, పదమూడు నిమిషాలు. పెద్దవాళ్లకి ముందే ఫోటో చూపించి అడగండి. పైకి ఎక్కితే వెసూవియస్ అగ్నిపర్వతం దాకా కనిపిస్తుంది, కింద నీళ్లలో ఫరాల్యోని రాళ్లు. టైబీరియస్ చక్రవర్తి కోట, విల్లా జోవిస్, వాళ్లకి వద్దే వద్దు. ముప్పావు గంట ఎక్కుడు. ఆయన రోమ్ వదిలి వచ్చి క్రీ.శ. 37లో పోయేదాకా ఈ దీవి నుంచే సామ్రాజ్యం నడిపాడు. దీవిలో నీళ్లు లేక ఆ కోట కింద వాన నీటి తొట్లు కట్టించుకున్నాడు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి, సీసాలు సొరెంటోలోనే నింపుకోండి. ఇప్పటికీ ఆ దీవికి నీళ్లు ఒడ్డు నుంచి పైపులోనే రావాలి. 2024 జూన్ 22న ఆ సరఫరా ఆగిపోయి మేయర్ టూరిస్టులు దిగకూడదని ఉత్తర్వు ఇచ్చారు. దారిలో ఉన్న పడవలు వెనక్కి తిరిగాయి. అదే రోజు ఎత్తేశారనుకోండి. అయినా గురువారం పొద్దున టికెట్ చేతిలో ఉంది కదా అని వార్తలు చూడకుండా బయల్దేరొద్దు.

కొత్త సభ్యుడు:
ధన్యవాదాలండి. నాన్న ఒకటే అడుగుతున్నారు. రష్యన్ రచయిత గోర్కీ ఉన్న ఊరు అదేనా అని.

సమన్వయకర్త:
అదే! 1906 నుంచి 1913 దాకా ఉన్నాడు. లెనిన్ రెండుసార్లు వచ్చి ఆయన దగ్గర దిగాడు, 1908లో ఒకసారి, 1910లో ఒకసారి. అగస్టస్ తోటల పక్కనే లెనిన్ స్మారక శిల కూడా ఉంది. పియాజెట్టా నుంచి మెల్లగా నడిస్తే పావుగంట, మెట్లు పెద్దగా లేవు. అక్కడి నుంచి కిందికి చూస్తే కొండకి మెలికలు చుట్టినట్టు వయా క్రుప్ కనిపిస్తుంది. జర్మన్ ఉక్కు కంపెనీ క్రుప్ యజమాని సొంత డబ్బుతో వేయించిన దారి. ఉక్కు సేటూ లెనినూ ఒకే తోట పక్కన.

పిల్లల బృందం చూసే అక్క:
మా ఇంట్లో కూడా విశాలాంధ్రలో కొన్న గోర్కీ పుస్తకాలు అట్టలు ఊడేదాకా తిరిగాయి. నేనూ మీ నాన్నగారితో వస్తాను. షాపింగ్‌కి వెళ్లేవాళ్లు వెళ్లండి. కాలి కొలత తీసి అక్కడికక్కడే కుట్టే చెప్పులు చూడండి, కాప్రీ ప్యాంట్ కోసం మాత్రం వెతక్కండి. దాన్ని తయారు చేసిన సోన్యా డి లెనార్ట్ దుకాణం ఉండేది మన మ్యూనిక్‌లోనే.

సమన్వయకర్త:
పనులు ఇలా అనుకుంటున్నాను, మార్పులుంటే ఆదివారం లోపు చెప్పండి. పడవ టికెట్లు నేనూ కోశాధికారీ. వంట వదినది. పెద్దవాళ్లతో అక్క. రేవు దగ్గర తలలు లెక్కపెట్టడానికి బ్యాచిలర్లు, ఎక్కేటప్పుడు ఇద్దరు, దిగేటప్పుడు ఇద్దరు. సరస్సు దగ్గర ఇద్దరిని వదిలేసి పడవ కదిలిన సంగతి గుర్తుంది కదా. తిరుగు ప్రయాణం ఆఖరి పడవకి కాదు, దాని ముందు పడవకి. సొరెంటో రేవు కొండ కింద ఉంటుంది, పైకి లిఫ్ట్ ఉంది, దానికి చిల్లర ఉంచుకోండి. కొత్త సభ్యుడు గారూ, చెయిర్ లిఫ్ట్ గురించి నాన్నగారిని అడిగి చెప్పండి.

కొత్త సభ్యుడు:
అడిగానండి. ఫోటో చూసి అమ్మ నేను ఎక్కుతాను అంది. నాన్న మాత్రం ఆ శిల దగ్గర కూర్చోబెట్టి మీరు వెళ్లిరండి అన్నారు.

కోశాధికారి:
చెయిర్ లిఫ్ట్‌కి 30 మందిని రాసుకున్నాను.